ఈస్టు కణములోని పొదుపు

రొట్టెపిండిని పొంగించు ఈస్టు ఏకకణజీవి. కంటికి కానరాని ఆ కణములో 16 రకముల వర్ణదేహములు, వానిపై సుమారు 6,000 జన్యువులు కలవు. ఏ జన్యువు ఎచ్చట నున్నది? అది ఎప్పుడు పనిచేయును? ఎప్పుడు ఊరకుండును?

పాలలోని చక్కెర జీర్ణమగునపుడు గ్లూకోసు, గాలక్టోసు అను రెండు చక్కెరలుగా విడిపోవును. ఈస్టుకు గ్లూకోసు మిక్కిలి ప్రీతికరము. అది లభించునంతకాలము గాలక్టోసు వంక కన్నెత్తియు చూడదు. గ్లూకోసు లేక గాలక్టోసు మాత్రమే యున్నపుడు, దానిని వాడుకొనుటకు వలయు ఎంజైములను తయారుచేసికొనును. అక్కఱలేని వేళ పొయ్యి రాజేయని ఇల్లాలి పొదుపు వంటిది ఈ ఏర్పాటు.

అమెరికాలోని సియాటిల్ నగరమందు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున డగ్లస్, హాథార్న్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించి 1964లో ఫలితములను ప్రకటించిరి. గాలక్టోసును వాడుకొనలేని ఈస్టు రకములను వారు ఇతర రకములతో సంకరము చేసిరి. సంకరకణము ఒక చిన్న సంచిలో నాలుగు సిద్ధబీజములను ఏర్పఱచును. సూక్ష్మదర్శిని క్రింద సన్నని సూదితో వానిని వేఱుచేసి పెంచి, దేనికి ఏ లక్షణము సంక్రమించినదో పరీక్షింపవలెను. రెండు జన్యువులు ఒకే వర్ణదేహముపై దగ్గఱగా నున్నచో తఱచుగా కలిసియే సంక్రమించును. దూరము హెచ్చిన కొలది విడిపోవుటయు హెచ్చును. ఆ లెక్కయే జన్యుపటమునకు కొలబద్ద.

ఇట్లు లెక్కింపగా, మూడు ఎంజైముల జన్యువులు రెండవ వర్ణదేహముపై ప్రక్కప్రక్కనే యున్నట్లు తేలినది. అయితే ఒక వింత కనబడెను. వేఱొక చోట నున్న గాల్-4 అను జన్యువు చెడినచో, ఆ మూడు ఎంజైములలో ఒక్కటియు చాలినంత తయారు కాదు! గాల్-4 ప్రోటీనే ఆ మూడు జన్యువులను మేల్కొల్పునని తరువాతి పరిశోధనలవలన స్పష్టమైనది. గాల్-80 ప్రోటీను దానిని అదిమిపట్టి యుంచును. గాలక్టోసు రాగానే గాల్-3 ప్రోటీను గుర్తించి, ఆ అడ్డును తొలగించును. గాల్-80 జన్యువే చెడిపోయినచో, గాలక్టోసు లేకున్నను ఎంజైములు వృథాగా తయారగుచుండును.

ఈ జ్ఞానము ఈస్టుతో ముగియలేదు. ఆ మూడు ఎంజైములలో ఒకదానివంటిది మన శరీరమందును కలదు. అది లోపించి పుట్టిన శిశువునకు తల్లిపాలే విషప్రాయమగును. వెంటనే గుర్తించి, గాలక్టోసు లేని ఆహారమిచ్చినచో ప్రాణము నిలుచును. ఆ మానవజన్యువును ఈస్టు కణమందు నిలిపి, అందలి లోపములను శాస్త్రజ్ఞులు పరీక్షించి యున్నారు. పిండిలోని అల్పజీవి పసిబిడ్డల వ్యాధిని తెలిసికొనుటకు తోడ్పడినది.