గంట మోగినా సిగ్నలు చూడాలి

కండక్టరు 'రైట్, రైట్' అంటే బస్సు కదులుతుంది. రైలుకు అది చాలదు. లోకల్ రైళ్లలో జనం ఎక్కారని చూసుకుని గార్డు రెండుసార్లు గంట కొడతాడు. ముందు లైను ఖాళీగా ఉన్నదీ లేనిదీ చెప్పేది మాత్రం సిగ్నలే.

1979 ఏప్రిల్ 16న స్కాట్లండులోని పెయిజ్లీ స్టేషనులో ఎర్ర సిగ్నలు ఉండగానే గార్డు గంట కొట్టాడు. అది విని డ్రైవరు బండి తీశాడు. రైలు ఎదురుగా వస్తున్న మరో రైలును ఢీకొన్నది. ఏడుగురు మరణించారు, 67 మంది గాయపడ్డారు.

పదేళ్లకు, 1989 మార్చి 6న, గ్లాస్గోలోని బెల్‌గ్రోవ్ వద్ద ఇదే తీరు ప్రమాదంలో ఇద్దరు పోయారు.

గంట కొట్టేముందు గార్డు, బండి తీసేముందు డ్రైవరు ఎవరికి వారు సిగ్నలు చూడాలి. ఒకరు చూసే ఉంటారని మరొకరు అనుకుంటే ఇద్దరూ చూడనట్లే.