సమా శబ్దార్థము

విశాఖపట్టణపు రేవు నంటి మూఁడు కొండ లున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరాలయము, ఒకదానిపై క్రైస్తవుల ప్రార్థనామందిరము, ఒకదానిపై ఇషాక్ మదీనా వలీ దర్గా వెలసియున్నవి. పూర్వము రేవునఁ బోవు నోడలు జెండాను ముమ్మాఱు దించి యెత్తి యీ వలీకి వందన మాచరించుచుండెడివని ప్రతీతి.

సూఫీల పేరు వినఁగానే నేఁడు పలువురకుఁ దోఁచునది తెల్లని యంగీతో గిరగిరఁ దిరుగు దర్వేషు. ఆ భ్రమణము మన దర్గాల యాచారము కాదు. 1273వ సంవత్సరమునఁ గోన్యాపురమున దివంగతుఁడైన జలాలుద్దీన్ రూమీ ననుసరించిన మౌలవీ శాఖవారిది. అది యుపాసనయా, నాట్యమా యని విద్వాంసులు శంకింతురు. దీనికి సమాధానము పేరునందే యున్నది.

ఆ క్రియకు ‘సమా’ యని పేరు. అరబ్బీ భాషలో దాని ధాతువునకు వినుట యర్థము. మన శ్రు ధాతువునకు సమానము. నృత్ ధాతువున కన్ననో గాత్రవిక్షేప మర్థము. కావున శబ్దమునుబట్టి యది శ్రవణమే. తిరుగుట యా శ్రవణమునకు ఫలము. భారతదేశమునఁ జిస్తీ శాఖవారును తమ గానసభను సమా యనియే వ్యవహరింతురు. అందుఁ బాడు కవ్వాలీ శబ్దము పలుకు నర్థముగాఁ గల ‘కౌల్’ నుండి పుట్టినది. ఒకరు పలుకుదురు, ఒకరు విందురు.

మౌలవీ మఠమున శిష్యుఁడు 1001 దినములు సేవ చేయవలెను. ఆ సేవ వంటశాలలో జరుగును. ఎడమకాలి వ్రేళ్ల నడుమ మేకు నుంచుకొని పలకపైఁ దిరుగుట నేర్చును. ఎడమకాలు స్తంభము, కుడికాలు చక్రము. పొడవైన టోపి సమాధిశిలకును, నల్లని పైవస్త్రము సమాధికిని, తెల్లని యంగీ ప్రేతవస్త్రమునకును సంకేతములు. కుడి యఱచేయి మీఁదికి, ఎడమది క్రిందికి నుండును. పైనుండి పొందిన యనుగ్రహమును భూమి కిచ్చుట దాని భావము.

1925లోఁ దురుష్కప్రభుత్వము దర్వేషుల మఠములను మూయించెను. 1950 తరువాత రూమీ వర్ధంతి సందర్భమునఁ గోన్యాలో సమా ప్రదర్శనరూపమున మరలఁ గానవచ్చెను. 2008లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతికవారసత్వముల పట్టికలోఁ జేర్చెను. వేషము మాఱలేదు, వేణువు మాఱలేదు. మాఱినది కారకము. మఠమున శ్రు ధాతువునకుఁ గర్తయైనవాఁడు రంగమున దృశ్ ధాతువునకుఁ గర్మ యగుచున్నాఁడు.

తెలుఁగుదేశమునను దీనికి సాటి కలదు. 1947 నాటి మద్రాసు శాసనము దేవదాసీ సమర్పణమును నిషేధించిన పిమ్మట, ఆలయనృత్యమును నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్య మను పేర రంగమునకుఁ దెచ్చిరి. రెండుచోట్లఁ గారణములు వేఱు, ప్రశ్న మొక్కటియే.

ఒక్కఁడే ఒక క్రియకుఁ గర్తయు, వేఱొక క్రియకుఁ గర్మయు నగుట వ్యాకరణమున దోషము కాదు. చూడఁబడుచున్నను వినుచుండువాని భ్రమణము రంగమునను సమాయే. వినుట మానినచో మఠమునందైనను అది గాత్రవిక్షేపమే.