మూసిన గదిలోని గాలి

పుదుచ్చేరిలో సముద్రతీరమును ఆనుకొనియున్న వైట్ టౌనునందు గోల్కొండ్ అను వసతిగృహము కలదు. శ్రీ అరవిందాశ్రమవాసుల కొరకు 1937లో దీని నిర్మాణ మారంభమైనది. రూపకల్పన చేసినవాడు ఆంటొనిన్ రేమండ్. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ పూనికతో నిజాము ఇచ్చిన విరాళము ఈ కట్టడమునకు తోడ్పడినది. మన గోల్కొండ పేరే ఫ్రెంచి ఉచ్చారణతో దీనికి నిలిచినది.

ఈ గృహమునకు సాధారణమైన కిటికీలు లేవు. ఉత్తర దక్షిణ ముఖములంతటను అడ్డపలకలు వరుసలుగా అమర్చబడినవి. వానిని త్రిప్పి గాలిని కావలసినంత రానీయవచ్చును. గదుల టేకు తలుపులు కూడ సందులు విడిచి చేసినవే. కావున ఒక వైపున ప్రవేశించిన గాలి గదిని, నడవను దాటి రెండవ వైపున వెడలిపోవును. (ఆ పలకలు ఆస్బెస్టాస్ సిమెంటుతో చేసినవి. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరమని తెలిసిన ఈ కాలమున ఎవరును ఆ పదార్థమును ఎన్నుకొనరాదు. అనుసరింపదగినది పద్ధతి మాత్రమే.)

అదే పేటలో పాత ఫ్రెంచి గృహములు పెక్కులు నేడు అతిథిగృహములైనవి. వాని గదులలో ఏసీ యంత్రములు వెలసి, కిటికీలు మూతపడినవి. చల్లని గాలి మంచి గాలియే యని జనులు భ్రమపడుచున్నారు. గోడకు తగిలించు సాధారణపు ఏసీ యంత్రము బయటి గాలిని లోనికి తేదు. గదిలోని గాలినే పీల్చి, చల్లార్చి, మరల గదిలోనికే విడుచును. దాని వలన తేమ తగ్గును, అది మేలే. కాని గాలి మారదు.

నిద్రించు మనిషి గంటకు సుమారు 12 లీటర్ల బొగ్గుపులుసు వాయువును విడుచును. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో 36,000 లీటర్ల గాలి పట్టును. ఆ గదిని బిగించి ఇద్దరు పండుకొనినచో, ఈ వాయువు గంటకు పదిలక్షల భాగములకు సుమారు 667 భాగముల చొప్పున పెరుగును. బయటి గాలిలో అది ఇంచుమించు 420 భాగములు. కనుక మొదటి గంటలోనే అంకె వేయి దాటును. ఈ వేయి భాగముల హద్దును 1858లో మ్యూనిక్ నగరపు వైద్యశాస్త్రవేత్త పెట్టెన్‌కోఫర్ సూచించెను. ఆ మాత్రపు వాయువు విషము కాదు. అయినను, ఒకరు విడిచిన ఊపిరిని మరొకరు ఎంతగా పీల్చుచున్నారో అది తెలుపును. గదిలో క్షయరోగి యున్నచో ఆ అంకె యెంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

దీనిని కొలుచు చిన్న యంత్రములు అంగళ్లలో దొరకుచున్నవి. బొగ్గుపులుసు వాయువు పరారుణ కిరణములను హరించును. ఆ హరణమును బట్టి యంత్రము అంకెను చూపును. దానిని కిటికీ యొద్దను, పండుకొన్నవారి ముఖమునకు సమీపమునను ఉంచరాదు.

సన్నని ధూళికి వేరు యంత్రము కావలెను. 2.5 మైక్రానులకు లోబడిన కణములు ఒక దినపు సగటున ఘనపు మీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్దేశించినది. భారతదేశపు ప్రమాణము 60. సముద్రతీరమున తేమ మిక్కుటమైనపుడు కణములు నీటితో ఉబ్బి, చవకరకపు యంత్రము ఉన్నదానికంటె ఎక్కువ చూపును. ఆ సంగతి తెలియక కంగారుపడువారు కలరు. నిజముగ కంగారుపడవలసినది మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగించినపుడు. ఒక్క కాయిల్ 75 మొదలు 137 సిగరెట్లు విడుచునంత సన్నని ధూళిని విడుచునని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధనమున తేలినది. దోమతెర కట్టుకొనుట మేలు.

గదికి ఎదురెదురుగ రెండు మార్గములున్నచో పగటిపూట సముద్రపు గాలి తానే పని చేయును. ఒకే కిటికీ యున్న గదిలో, గాలిని బయటికి త్రోయు పంకా నమర్చి, తలుపు క్రింద సందు విడువవలెను. దీపావళి బాణసంచా పొగ వీధిలో క్రమ్మినపుడు మాత్రము కొంతసేపు అన్నియు మూయుటయే యుక్తము.

రాత్రి పండుకొనునపుడు ఒకసారి, లేవగానే ఒకసారి అంకెను వ్రాసికొనవలెను. మరునాటి రాత్రి కిటికీని నాలుగు వ్రేళ్ల వెడల్పున తెరచి, మరల అట్లే చేయవలెను. రెండు ఉదయముల అంకెలను పోల్చినచో ఆ గదికి ఎంత సందు చాలునో తెలియును.