అల్లరని కొట్టేముందు..!

‘మీవాడు క్లాసులో రెండు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోడు. హాస్టల్లో వేయండి, దారికొస్తాడు.’

కళ్యాణదుర్గంలో మూడో తరగతి చదివే మా అన్న కొడుకు గురించి స్కూలు నుంచి వచ్చిన ఫోన్ ఇది. వానల్లేక చెనక్కాయ పంట పోయాక అన్నా వదినా బెంగళూరులో బిల్డింగ్ పనులకు వచ్చేశారు. పిల్లాడు ఊళ్లో మా అమ్మ దగ్గరే ఉంటాడు. నేనూ బెంగళూరులోనే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

ఫోన్ పెట్టేయగానే నేను చేసిన పని... రీల్స్ చూడటం. ‘ఈ ఐదు లక్షణాలుంటే ఏడీహెచ్‌డీ’ అంది ఒక రీల్. ఐదూ ఉన్నాయి! అన్నకు వెంటనే చెప్పేశా. వదిన ఆ రాత్రంతా ఏడ్చిందట.

డాక్టర్ అడిగిన మూడు ప్రశ్నలు

సెలవు పెట్టి వాణ్ని అనంతపురం తీసుకెళ్లా. డాక్టర్ అడిగింది మూడే ప్రశ్నలు. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు? ఎక్కడెక్కడ ఉంటున్నాడు? దానివల్ల చదువు, స్నేహాలు దెబ్బతింటున్నాయా?

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష, స్కానింగ్ ఏవీ లేవు. ఏకాగ్రత లేకపోవడంలోనో, అతి చురుకుదనంలోనో కనీసం 6 లక్షణాలు 6 నెలలకు పైగా ఉండాలి. ఇంట్లోనూ బళ్లోనూ కనిపించాలి. 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. అందుకే టీచర్‌కొకటి, ఇంట్లోవాళ్లకొకటి ఫారం ఇస్తారు.

మాకు చిక్కు అక్కడే వచ్చింది. అమ్మానాన్నలు వలసలో ఉన్నారు. వాణ్ని రోజూ చూసేది చదువురాని మా అమ్మ. ఫారమేమో ఇంగ్లిష్‌లో ఉంది. ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పి అడిగా. ‘ఇప్పుడు కాదప్పా, అంగన్‌వాడీలో ఉన్నప్పటి నుంచీ ఇట్లే. అన్నం తింటా తింటానే లేసి పోతాడు’ అంది. ఆ మాట చాలా ముఖ్యమన్నారు డాక్టర్. కన్నవాళ్లు దూరమైన దిగులుతోనూ పిల్లలు ఇలా మారొచ్చు. వాళ్లు వెళ్లాకే మొదలై ఉంటే ముందు ఆ దిగులు సంగతి చూడాల్సి వచ్చేది.

చూపు, వినికిడి, రక్తహీనత, నిద్ర... అన్నీ పరీక్షించాకే ఏడీహెచ్‌డీ అని తేల్చారు. అదే క్లాసులో అదే ఫిర్యాదు ఉన్న ఇంకో పిల్లాడికి కావాల్సింది మాత్రం కళ్లద్దాలు!

మందొక్కటే కాదు

వాడి టీచర్‌తో మాట్లాడా. వాణ్ని కిటికీ పక్క నుంచి ముందు బెంచీకి మార్చారు. పది లెక్కలు ఒకేసారి కాకుండా మూడేసి ఇస్తున్నారు. మధ్యలో బోర్డు తుడిచే పని అప్పగిస్తున్నారు. ఇంట్లో ఒకసారికి ఒకే పని చెప్పాలి, చేయగానే మెచ్చుకోవాలి. మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు ఆరేళ్లు దాటిన పిల్లల్లో బాగా పనిచేస్తాయి. కానీ ఆకలి, నిద్ర తగ్గొచ్చు కాబట్టి బరువు, ఎత్తు చూస్తుండాలి. డాక్టర్ చీటీ లేకుండా కొనకూడదు. మావాడికి మందు కావాలా వద్దా అన్నది తర్వాతి రివ్యూలో నిర్ణయిస్తారు.

ఎవరిని అడగాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బళ్లలో చేసే ఆరోగ్య పరీక్షల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆ బృందం మీ బడికి వచ్చినప్పుడు పిల్లాడి సంగతి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగొచ్చు. గొడవ చేసేవాళ్లే కాదు, వెనక బెంచీలో మౌనంగా కూర్చుని ఎటో చూసే అమ్మాయిలకూ ఈ సమస్య ఉండొచ్చు. వాళ్లు అల్లరి చేయరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

హాస్టల్ మాట మానేశాం. వాడు ఇప్పటికీ వారానికి రెండు పెన్సిళ్లు పోగొడతాడు. మొన్న రాత్రి మాత్రం అమ్మ ఫోన్ లాక్కుని, ‘చిన్నాన్నా, ఈపొద్దు మూడు లెక్కలూ చేసినా!’ అన్నాడు. నాలుగోది అడగబోయి ఆగిపోయా. ‘శభాష్ రా’ అన్నా.