వేలంలో కొన్న పాత ట్రాక్టరు చెప్పినట్టు లేకపోతే...
దుక్కిలో దించకముందే కాగితం రాయండి

పాత ట్రాక్టరు కొనాలంటే వెనకటికి మనవాళ్లు నలుగురు కలిసి వెళ్లేవారు. ఒకరు ఇంజను స్టార్టు చేయించి పొగ చూసేవారు. ఇంకొకరు టైర్లు, హైడ్రాలిక్ లిఫ్టు చూసేవారు. తెలిసిన మెకానిక్కు సరేనన్నాకే బయానా చేతిలో పెట్టేవారు. ఇప్పుడా బేరం ఫోనులోకి వచ్చేసింది. కిస్తీలు కట్టలేనివారి దగ్గర నుంచి ఫైనాన్సువాళ్లు తెచ్చుకున్న బండ్లను ఆన్‌లైన్‌లో వేలం వేస్తున్నారు. నాలుగు ఫొటోలు, పది లైన్ల వివరం ఉంటాయి. గడియారం చూసుకుంటూ పాట పాడాలి.

మీ ఇంటి సంగతే అనుకోండి. మీ అబ్బాయి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ ప్రగతి నగర్‌లో అద్దెకుంటున్నాడు. నాన్నకు ట్రాక్టరు కొనిద్దామని రాత్రి డ్యూటీ దిగాక ఫోనులో పాట పాడాడు. వివరంలో "2021 మోడల్, 1,900 గంటలు తిరిగింది, కాగితాలు సక్రమం" అని ఉంది. మూడు లక్షల నలభై వేలకు పాట దక్కింది. వేలం ఫీజు, లారీ కిరాయి అదనం. తీరా బండి ఊళ్లో దిగాక చూస్తే ఆర్సీలో 2018 అని ఉంది. గంటల మీటరు కొత్తగా మెరుస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి ఇనుము కనిపిస్తోంది. ఇప్పుడేం చేయాలి?

తిట్టుకుని ఊరుకోవడం ఒక పద్ధతి. తక్కువకొచ్చింది కదా అని వాడుకోవడం ఇంకో పద్ధతి. రెండింటిలోనూ నష్టపోయేది మీరే. మూడో దారి ఉంది. అయితే పాట పాడకముందు మీరు దాచుకున్న కాగితం, బండి దిగాక మొదటి రెండు మూడు రోజుల్లో మీరు రాసిన కాగితం ఉంటేనే ఆ దారి సాగుతుంది.

ఏది పాతదనం, ఏది అబద్ధం?

ముందుగా ఈ తేడా తెలుసుకోవాలి. పాత బండి పాతగానే ఉంటుంది. టైర్లు అరిగాయని, రంగు పోయిందని, బ్యాటరీ దిగిపోయిందని తగాదా పెట్టుకుంటే నిలబడదు. కానీ మోడల్ సంవత్సరం, హార్స్‌పవర్, తిరిగిన గంటలు, ఇంజను నంబరు, అప్పు తీరిందా లేదా అన్నవి పాతదనం కావు, అమ్మేవారు చెప్పిన మాటలు. ఆ మాట తప్పయితే అది వారి తప్పు. పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం అక్రమ వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం విడిగా పేర్కొంది. వివరం చెప్పి అమ్మిన సరుకు ఆ వివరానికి సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఏనాడో చెప్పింది.

ఆన్‌లైన్ వేలానికి పేరుపడ్డ ఈబే సంస్థ అమెరికాలో 1995లో మొదలైంది. అందులో తొలిసారి అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ లైటు. 14 డాలర్ల 83 సెంట్లకు పోయింది. అమ్మినాయన అనుమానమొచ్చి "అది పనిచేయదు, తెలుసు కదా" అని అడిగితే, కొన్నాయన తాను పాడైనవే సేకరిస్తానన్నాడట. పాడైనదాన్ని పాడైనదని చెప్పి అమ్మితే తగాదా లేదు. చెప్పకుండా అమ్మితేనే తంటా. అలాంటి తగాదాలు పెరిగి, 1999లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు ఈబే కొనుగోలుదార్లకు, అమ్మకందార్లకు ఈ-మెయిల్ మీదే మధ్యవర్తిత్వం చేసి చూశారు. అంటే ఈ రకం తగాదా మనకే వచ్చింది కాదు.

"ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా"

వేలం నిబంధనల్లో ఈ మాట తప్పక ఉంటుంది. సరుకు ఎలా ఉంటే అలాగే తీసుకోవాలి, తర్వాత మాకు సంబంధం లేదని దాని భావం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చండీగఢ్‌లో స్థలాల వేలం కేసులో సుప్రీంకోర్టు 2009లో, ఉన్నది ఉన్నట్టుగా బహిరంగ వేలంలో పాడుకున్నవారు వసతులు లేవంటూ వినియోగదారులుగా ఫిర్యాదు చేయలేరని చెప్పింది. అది స్థలాల సంగతే అయినా, అవతలివారి వకీలు ఈ తీర్పును ముందు పెట్టే అవకాశం ఉంది.

మరి మనకు ఆధారమేది? ఉన్నది ఉన్నట్టు అనే మాట సరుకు స్థితి గురించి. 2018 బండిని తెలిసి తెలిసి 2021 అని రాస్తే అది మోసం. మోసంతో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇస్తోంది. అయితే అదే చట్టంలో ఒక మెలిక ఉంది. తెలియక తప్పు చెప్పినప్పుడు, లేదా లోపం సంగతి చెప్పకుండా దాచినప్పుడు, మామూలు జాగ్రత్తతో మీరు నిజం తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోతే ఒప్పందం రద్దు కాదు. బండి చూసుకోవడానికి వేలంవాళ్లు రెండు రోజులు గడువిచ్చారు, మీరు వెళ్లలేదు అనుకోండి. రేపు వాళ్ల జవాబు అదే అవుతుంది.

నిజామాబాద్ యార్డులో ఈ-నామ్ మీద ధర వేసే వ్యాపారిని చూడండి. ధర వేసేది కంప్యూటర్‌లోనే. కానీ ముందు పసుపు కొమ్ము విరిచి రంగు చూస్తాడు. మన సరుకు విషయంలో ఆయనకున్న జాగ్రత్త, మన డబ్బు విషయంలో మనకు ఉండొద్దా?

బండి దిగిన రోజు

లారీ మీద నుంచి దించకముందే వీడియో తీయండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, గంటల మీటరు, నంబరు ప్లేటు స్పష్టంగా రావాలి. లారీ రసీదు మీద సంతకం అడిగితే "పరిశీలించకుండా తీసుకోవడమైనది" అని రాసి సంతకం పెట్టండి. మరునాడే మెకానిక్కును పిలిచి లోపాలు కాగితం మీద రాయించి, సంతకం, తేదీ తీసుకోండి. అదే కంపెనీ అధీకృత సర్వీసు సెంటరు కాగితమైతే ఇంకా బలం.

అన్నిటికన్నా ముఖ్యం, తేడా కనిపిస్తే బండిని దుక్కిలో దించకండి. కొన్న సరుకును పరిశీలించుకునే హక్కు సరుకుల విక్రయ చట్టం ఇచ్చింది. కానీ సొంత సరుకులా వాడేసినా, వద్దని చెప్పకుండా చాలా రోజులు ఉంచుకున్నా మీరు ఒప్పుకున్నట్టే లెక్క. ఒప్పుకున్నాక సాధారణంగా నష్టపరిహారం అడగాలి తప్ప బండి వెనక్కి తీసుకోమనడం కష్టం. పది ఎకరాలు దున్ని, రోటావేటర్ తగిలించి, ఆ తర్వాత మోడల్ తేడా ఉందంటే వినేవారుండరు. ఇంకో సంగతి. వద్దన్న సరుకును మోసుకెళ్లి అప్పగించే బాధ్యత మీది కాదు. వేరే ఒప్పందం లేకపోతే, తీసుకోవడం లేదని తెలియజేస్తే చాలు. తెలియజేయడం మాత్రం రాతలోనే ఉండాలి.

మొదటి ఫిర్యాదు ఇలా రాయండి

"ఫలానా తేదీన ఫలానా లాట్ నంబరు ట్రాక్టరును ఇంత ధరకు వేలంలో పొందాను. మీ వివరంలో 2021 మోడల్ అని ఉంది. ఆర్సీ ప్రకారం 2018. మీ వివరంలో 1,900 గంటలు అని ఉంది. మెకానిక్ పరిశీలన కాగితం జతచేశాను. వివరానికి సరిపోనందున బండిని అంగీకరించడం లేదు. వాడటం లేదు. బండి తీసుకుని, ఫీజు, కిరాయితో సహా సొమ్ము వాపసు చేయగలరు."

కోపం మాటలు వద్దు. ఇంతే రాసి ఈ-మెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. రసీదు పారేయకండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫిర్యాదుకు నంబరు ఇవ్వాలి. బొమ్మలు, వివరాలు సరుకుకు సరిపోతాయని అమ్మకందారు నుంచి హామీ తీసుకోవాలి. మీరు రాసి అడిగితే అమ్మకందారు చిరునామా ఇవ్వాలి. చెప్పిన గుణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. "మేం మధ్యవర్తులం మాత్రమే" అని ఫోను పెట్టేస్తే ఈ నిబంధనలు గుర్తుచేయండి.

నెల దాటినా కదలకపోతే

1915కు ఫోను చేయండి. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు గానీ మీ ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతారు. కేసు దాకా పోకుండా ఇక్కడే తేలితే అందరికీ మంచిది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల దాకా చెల్లించిన సరుకు కేసులు అక్కడే. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలు లేకుండా మీరే చెప్పుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు.

అమ్మిన కంపెనీ ముంబయిలోనో ఢిల్లీలోనో ఉందని భయపడనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉన్నచోటే కేసు వేయొచ్చు. మీ పేరున కొంటే మీ జిల్లాలో. అబ్బాయి పేరున కొంటే ప్రగతి నగర్ ప్రాంతాన్ని చూసే కమిషన్‌లో. రాజీకి వీలుందనిపిస్తే ఇద్దరి సమ్మతితో కమిషనే మధ్యవర్తిత్వానికి పంపుతుంది. చట్టం మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలంటోంది. అంతకంటే ఆలస్యమైతే నిరుత్సాహపడకండి, వాయిదాలు మాత్రం తప్పకండి.

రైతు వినియోగదారుడేనా?

"ట్రాక్టరుతో సంపాదిస్తారు కాబట్టి ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు" అనే వాదన వస్తుంది. దీనికి మన రైతులే ఒక దారి వేశారు. జాతీయ విత్తన సంస్థ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు పోరాడిన మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరి 16న, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని తేల్చింది. ఇక సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్న వస్తువు వాణిజ్యం కిందికి రాదని చట్టంలోనే ఉంది. మీ పొలం దున్నుకోవడానికి కొంటే ఆ రక్షణ కోరొచ్చు. నాలుగు బండ్లు కొని డ్రైవర్లను పెట్టి కిరాయికి తిప్పితే కష్టం.

అందుకే ఒక సలహా. పాడేది అబ్బాయే కావొచ్చు, కానీ వేలం ఖాతా, బిల్లు దున్నేవారి పేరున ఉండనివ్వండి. సాఫ్ట్‌వేర్ జీతగాడి పేరున బిల్లుంటే బతుకుతెరువు వాదన పలచబడుతుంది. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా వినియోగదారులేనని చట్టం చెప్పినా, ఆ మెలిక మనకెందుకు?

ఇవి వేరే దారులు

అమ్మింది కంపెనీ కాక, మీలాంటి ఒక రైతో, ఒక ఇంటివారో అయితే ఈ-కామర్స్ నిబంధనలు మామూలుగా వారికి వర్తించవు. అప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడగండి. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అక్కడ కుదిరిన రాజీకి అప్పీలు లేదు, కోర్టు డిక్రీతో సమానం.

అసలు బండే లేకుండా ధరావతు కట్టించుకుని మాయమైతే అది వినియోగదారుల తగాదా కాదు, నేరం. ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఛాసిస్ నంబరు చెక్కేసినట్టు కనిపిస్తే బండిని కదపకుండా పోలీసులకు తెలపండి.

పాట పాడకముందు గుర్తుంచుకోండి

- వేలం వివరం, ఫొటోలు, నిబంధనలు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. పాట ముగిశాక ఆ పేజీ కనిపించకపోవచ్చు.
- చూసుకునే రోజున మెకానిక్కుతో సహా వెళ్లండి. దారి ఖర్చు, కూలి పోయినా అది నష్టం కాదు.
- ఆర్సీ నంబరు అడిగి మోడల్, ఫైనాన్సు బాకీ ఆర్టీఏలో చూపించండి.
- ఫోనులో చెప్పిన మాటను మెసేజ్‌లో రాయమనండి. రాయనన్నారంటే అనుమానించాల్సిందే.
- సొమ్ము కంపెనీ ఖాతాకే కట్టండి. ఏజెంటు సొంత నంబరుకు పంపకండి.
- ఫీజు, పన్ను, కిరాయి కలిపి ఎంతవుతుందో లెక్కేసి, అంతకు మించి పాడకండి.

మూడు లక్షల నలభై వేలంటే రెండెకరాల రైతుకు ఎన్ని పంటల మిగులో మీకు తెలుసు. ప్రగతి నగర్‌లో ఉన్న అబ్బాయికి ఫోను తెలుసు, ఊళ్లో ఉన్న మీకు బండి తెలుసు. ఇద్దరూ కలిసి చూశాకే పాట మొదలుపెట్టండి.