సొంతంగా ఆండ్రాయిడ్ బిల్డ్ చేస్తున్నారా? ఎంటర్ కొట్టే ముందు ఇవి తెలుసుకోండి

ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ అందరికీ ఓపెన్‌గానే ఉంది. మంచి కంప్యూటర్, ఓపిక ఉంటే సొంతంగా బిల్డ్ చేసి ఫోన్‌లో ఎక్కించుకోవచ్చు. మా ఇబ్రహీంపట్నం వైపు బీటెక్ చదివే తమ్ముళ్లు దీని గురించి అడిగితే నేను ముందుగా చెప్పేది ఒక్కటే: బిల్డ్ ఫెయిలైతే మళ్లీ చేసుకోవచ్చు, బ్యాకప్ లేని ఫోటోలు పోతే తిరిగి రావు. టెస్టింగ్‌కీ, రోజువారీ వాడకానికీ ఉన్నది ఒకే ఫోన్ అయితే ఇది చిన్న విషయం కాదు.

కింద కమాండ్లను కావాలనే తెలుగులో రాశాను. కాపీ-పేస్ట్ కన్నా ముందు అర్థం కావడం ముఖ్యం.

ఒక్క అక్షరంతో డేటా మాయం

బిల్డ్ పూర్తయ్యాక ఫోన్‌లోకి ఎక్కించే కమాండ్ 'ఫాస్ట్‌బూట్ ఫ్లాష్‌ఆల్'. దాని చివర '-డబ్ల్యూ' చేరిస్తే యూజర్ డేటా మొత్తం చెరిపేస్తుంది. డబ్ల్యూ అంటే వైప్. ఫోన్‌ని మొదటిసారి ఫ్లాష్ చేసేటప్పుడు ఇది పనికొస్తుంది, తర్వాత మామూలుగా అవసరం ఉండదు. కానీ కొత్తవాళ్లు గైడ్‌లో ఉన్న లైన్‌నే ప్రతిసారీ వాడేస్తారు.

ఎర్రర్ మెసేజే దారి చూపిస్తే?

సోర్స్ కోడ్ తెచ్చే 'రెపో సింక్' ఒక్కోసారి ఆగిపోయి, 'ఫోర్స్-సింక్' ఆన్‌లో లేదని చెబుతుంది. చూసినవాళ్లు ఏం చేస్తారు? వెంటనే అదే ఆప్షన్ తగిలిస్తారు. అలా చేస్తే డేటా పోవచ్చని ఆ టూల్ హెల్ప్‌లోనే రాసుంది. అంటే మీరు కోడ్‌లో చేసిన మార్పులు కూడా పోవచ్చు. ఎర్రర్‌లో కనిపించేది ఆప్షన్ పేరు, హెచ్చరిక ఉండేదేమో హెల్ప్ పేజీలో!

వార్నింగ్ ఒక్కటే చాలదు

2021 నవంబర్‌లో లైనస్ టెక్ టిప్స్ వీడియోలో ఇది ప్రపంచమంతా చూసింది. పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే, ప్యాకేజీ సమస్య వల్ల డెస్క్‌టాపే తీసేయడానికి సిద్ధమైంది. హెచ్చరిక వచ్చింది. 'అవును, నేను చెప్పినట్టే చెయ్యి' అనే అర్థం వచ్చే వాక్యం టైప్ చేయమంది. ఆయన టైప్ చేశారు, డెస్క్‌టాప్ పోయింది. తర్వాత ఏపీటీ టూల్‌నే మార్చారు. ఇప్పుడు ముఖ్యమైన ప్యాకేజీలు తీయాలంటే ప్రత్యేక ఆప్షన్ ఇవ్వాల్సిందే.

నా దృష్టిలో అసలు రక్షణ ఇదే. కొత్తవాళ్లు అన్నీ చదువుతారని నమ్మకుండా, ప్రమాదకరమైన దారిని మామూలు దారి నుంచి వేరు చేయాలి. లైనక్స్‌లో 'ఆర్ఎం' కమాండ్ 2006 నుంచి రూట్ ఫోల్డర్‌ని నేరుగా చెరపడానికి ఒప్పుకోదు. పిక్సెల్ ఫోన్‌లో బూట్‌లోడర్ అన్‌లాక్‌ని ఫోన్ మీదే బటన్లతో కన్ఫర్మ్ చేయాలి.

మీరు పాటించాల్సినవి

• ఫ్లాష్ చేసే ముందు ఫోన్ బ్యాకప్ తీసుకోండి. కుదిరితే పాత ఫోన్ వాడండి.
• డౌన్‌లోడ్ చేసిన స్క్రిప్ట్‌ని ముందు ఎడిటర్‌లో తెరిచి '-డబ్ల్యూ' ఉందేమో చూడండి.
• ఫోర్స్-సింక్‌కి ముందు మీ మార్పులను వేరేచోట కాపీ చేసుకోండి.
• 'డీడీ'తో పెన్‌డ్రైవ్‌లోకి ఇమేజ్ రాసేటప్పుడు 'ఎల్ఎస్‌బ్లాక్'తో డ్రైవ్ పేరు, సైజు సరిచూసుకోండి.
• ఫోన్‌లో సొంత బిల్డ్ ఉండగా బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేయకండి.

గైడ్లు, బిల్డ్ స్క్రిప్ట్‌లు రాసేవాళ్లకి కూడా ఒక మాట. డేటా చెరిపే ఆప్షన్‌ని మెయిన్ కమాండ్‌లో పెట్టకండి. విడిగా రాసి, అది ఏం చెరిపేస్తుందో పక్కనే చెప్పండి.