తడి–పొడి నడుమ ఎండుటాకు: ఉత్తర తెలంగాణ ఇంటి వ్యర్థాల పదజాలం – ఒక పరిశీలన

కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలో ఇల్లు బాగుచేయించుకున్నవారు, పెరటి చెట్లు కొట్టించినవారు ట్రాక్టర్ ట్రాలీని కిరాయికి పిలవడం పరిపాటి. కిరాయి ట్రిప్పు లెక్కన ఉంటుంది. ట్రాలీకెక్కినవి గోడపెళ్ళలా, వేపమండలా, పాత పరుపులా అన్న విచారణ అంతగా ఉండదు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో ఇదే పనికి 'స్కిప్' అనే ఇనుప తొట్టిని ఇంటి ముందు కొన్నాళ్ళు కిరాయికి పెట్టించుకుంటారు. అక్కడ కిరాయి తొట్టి పరిమాణాన్ని బట్టే కాక, అందులో వేసే పదార్థాన్ని బట్టి కూడా మారుతుంది. కొమ్మలకూ గడ్డికీ ఒక తొట్టి, మట్టికీ ఇటుకలకూ మరొకటి. ఆస్బెస్టాస్ రేకులను మామూలు తొట్టిలో వేయనివ్వరు. స్కిప్ అన్న మాటకు మూలం గంప అని అర్థమిచ్చే 'స్కెప్'. మన పెంటగంపకు దూరపు చుట్టం అనుకోవచ్చు.

పదార్థాన్ని బట్టి వేరుచేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పల్లె ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలోకి, అక్కడినుంచి బర్రె కడుపులోకి పోయేవి. పొయ్యి బూడిద అంట్లు తోమడానికి, కంప దడికి, ఎండుపుల్లలు పొయ్యిలోకి పనికొచ్చేవి. పేడ, వాకిలి ఊకిన ఆకులలం పెంటబొందలో చేరేవి. వేసవిలో ఆ పెంటను బండ్లతో చేనుకు తోలేవారు. కుడితి, కంప, పెంట అన్న మాటలు వస్తువుతో పాటు దాని తరువాతి గమ్యాన్ని కూడా తెలిపేవి. 'చెత్త' అన్న మాటకు ఆ గుణం లేదు. నేటి వాడుకలో 'పెంట' తిట్టుగా, అసహ్యసూచకంగా మిగలడం ఇక్కడ ఆలోచించదగినది.

2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి వ్యర్థాలను కుళ్ళేవి, కుళ్ళనివి, ప్రమాదకరమైనవి అని మూడుగా విభజించాయి. తోట వ్యర్థాలను ఎవరి ఆవరణలో వారు విడిగా ఉంచి, స్థానిక సంస్థ సూచన మేరకు తొలగించాలన్నాయి. కట్టడాల శిథిలాలను కూడా వేరుగా ఉంచాలి. వీధిలో చెత్త కాల్చడం నిషిద్ధం. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతితో గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, డంపింగ్ యార్డు సమకూరాయి. అయితే ఇంటింటికీ చేరిన మాటలు రెండే: తడి చెత్త, పొడి చెత్త.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ జంట తేమను చెబుతుంది. నియమం చెప్పినది కుళ్ళే గుణాన్ని. శిశిరంలో రాలిన వేపాకు, టేకాకు పొడిగానే ఉంటాయి. మాటను నమ్మిన గృహిణి వాటిని ప్లాస్టిక్ కవర్లున్న పొడి బుట్టలో వేస్తే, అది ఆమె తప్పు కాదు, అనువాదం తప్పు. ఎరువు కావలసిన ఆకు అట్టతో, సీసాలతో కలిసి రెండింటినీ చెడగొడుతుంది. బుట్టలో పట్టకపోతే వాకిట్లో అగ్గిపుల్ల గీస్తారు.

'ఎరువు చెత్త' అన్న పేరు ఇంతకంటే నయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పెంట పోయే చోటును అది మళ్ళీ గుర్తుచేస్తుంది. కొబ్బరిమట్టలు, లావు కొమ్మలు మాత్రం ఈ పేరుకూ లొంగవు. వాటిని నరికి ముక్కలు చేయనిదే బొందలో త్వరగా మురగవు. ఆ పని ఇంటివారిదా, పురపాలక సంఘానిదా అన్నది విడిగా తేల్చవలసిన విషయం.